తంబాకు చేతులు

విడీ ఘర్కుల్, సోలాపూర్
10 మార్చి 2024

మయూరీ,

ఇక్కడ అందరం మంచిగున్నం అని మొదలుపెట్టనీకె నాకు చెయ్యి రాలేదు. కాబట్టి అది లేకుంటనే రాస్తున్న.

నువ్వు ఎన్నోసార్లు ఫోన్ చేసినవు, నేను ఎత్తలేదు. కోపానికి రాకు. మా ఇల్లంటే ఒక్క అర్ర. నేను ఫోన్ చెవికి పెట్టుకుంటే అత్త చేతిల బీడీ చేతిలనే పట్టుకొని వింటది. మీ బావనైతే స్పీకర్ పెట్టుమంటడు. "అక్కాచెల్లెండ్ల నడుమ మాకు తెల్వని ముచ్చట ఏముంటది?" అంటడు. అందుకే ఉత్తరం. తెలుగు బడిల ఏడో తరగతి దాకా సదివిన సదువు ఇగ ఇట్ల అక్కరకొచ్చింది. జవాబు సారిక పేరు మీద రాయి. మా గల్లీలనే ఉంటది, నా పక్కకు కూసొని బీడీలు చుడుతది. దానికి గూడ చంటిపిల్ల ఉన్నది. మంచి మనిషి.

బాబు పోయినకాంచి ఇంట్ల ఎవ్వరు నాతోని సరిగ మాట్లాడుతలేరు. అత్త ఒక్కతే మాట్లాడుతది. ఏమని? "తంబాకు చేతులతోని పాలిచ్చినవు. పాలు గాదు, విషం తాపినవు" అని. గల్లీల నల్లా కాడ నిలబడి అంటది, నలుగురు వినాలె గదా. పురుటికి కుంఠా నాకాకు, అమ్మ ఇంటికి, నన్ను పంపే ముందటి దినం దాక నాతోని బీడీలు చుట్టించింది ఎవరు? ఈమెనే. బాబును బొందపెట్టి వచ్చిన వారానికే ఆకు, తంబాకు నింపిన చాట నా ఒళ్లె పెట్టింది ఎవరు? ఈమెనే. నా చేతులు కొడుకుకే విషమట, ఇల్లు నడుపనీకె మాత్రం మంచియేనట.

నువ్వు వచ్చినప్పుడు ఏమన్న చెప్తవని చూసిన. రక్తమని, ప్రోటీన్లని పెద్ద సదువు సదువుతున్నవు గదా. నువ్వు మూలకు కూసొని ఏడ్చి, సాయంత్రం బస్సెక్కినవు. ఏడ్వనీకె నేను లేనా? ఇప్పుడన్న చెప్పు. నా కొడుకు నా చేతులతోనే పోయిండా? అవునంటే అవునని రాయి. మెత్తగ రాయకు, నాకు మెత్తటి మాటలు అక్కెర లేవు.

మీ అక్క
యశోద


హైదరాబాద్
19 మార్చి 2024

అక్కా,

సారిక పేరుతో కవరు మీద అడ్రసు రాస్తుంటే ఏదో దొంగపని చేస్తున్నట్టుంది. ఎట్లా ఉన్నావని అడగను. తెలుస్తూనే ఉంది.

మెత్తగా వద్దన్నావు కాబట్టి సూటిగానే చెప్తున్నా. కాదు. బాబు నీ చేతులతో పోలేదు. తంబాకు దుమ్ము మంచిది కాదు, చూలింతకు అసలే మంచిది కాదు, ఆ మాట వరకు మీ అత్తగారితో నాకు పేచీ లేదు. కానీ పుట్టిన మర్నాడే బిడ్డ పచ్చబడి, వారం తిరక్కుండా పోవడం తంబాకు చేసే పని కాదు. రక్తంలో ఎర్రకణాలు ఒక్కసారిగా పగిలిపోతే అట్లా అవుతుంది. ఎందుకు పగిలాయో తెలియాలి.

నేను ఇక్కడ చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ప్రోటీన్ అంటే నువ్వు పప్పూ గుడ్డూ అనుకుంటావు. అవీ నిజమే కానీ, మన ఒంట్లో పనిచేసేవి దాదాపు అన్నీ ప్రోటీన్లే. గాలిని మోసేది ఒకటి, తిన్నదాన్ని అరిగించేది ఒకటి, విషాన్ని విరిచేది ఇంకొకటి. ప్రతి ఒక్కటీ మొదట ఒక పొడుగు పోగు. అమినో ఆమ్లాలని ఇరవై రకాల చిన్న చిన్న ముక్కలుంటాయి, అవి ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటే ఆ పోగవుతుంది. పోగుగా ఉన్నంతసేపు అది ఎందుకూ కొరగాదు. దానంతట అదే మడతలు పడి, చుట్టుకుని, ఒక ఆకారానికి రావాలి. ఆ ఆకారంలో చిన్న గుంట లాంటిది ఉంటుంది, పని జరిగేది అక్కడే. వందల ముక్కల్లో ఒక్కటి వేరే ముక్క పడిందంటే మడత సడలిపోవచ్చు. మగ్గం మీద ఒక్క పోగు తప్పితే డిజైనంతా చెడినట్టు అనుకో.

నా వంతు వచ్చిన ప్రోటీన్ వేడికి ఆగదు. అందుకని చల్లగదిలో పని. బయట జనం ఎండకు మాడిపోతుంటే నేను స్వెట్టర్ వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ కూర్చుంటాను. మా గైడు నన్ను సిమ్లా అమ్మాయి అంటారు.

ఇప్పుడు కాస్త గుర్తు చేసుకుని రాయి. ఇవన్నీ నిన్ను అడగకూడదు, అయినా అడుగుతున్నా. బాబు మూత్రం ఏ రంగులో ఉండేది? ఏవైనా మందులు వేశారా, పసరు పోశారా? వేటిలో చుట్టారు, ఎక్కడ పడుకోబెట్టారు? దవాఖానలో డాక్టరు ఏమన్నాడు? నీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, విన్నది విన్నట్టు రాయి.

చెల్లి
మయూరి


విడీ ఘర్కుల్
2 ఏప్రిల్ 2024

మయూరీ,

హైదరాబాదుకు పోయి పేపర్ తెలుగు నేర్చుకున్నవ్. "వేటిలో చుట్టారు" అట! సారికకు సదివి ఇనిపిస్తే, "మీ చెల్లె టీవీల వార్తలు చెప్తదా అక్కా?" అన్నది. శానా దినాల తర్వాత నవ్వొచ్చింది.

ఒక్క ముచ్చట ముందుగాల తేల్చేస్త. ఒక్క పోగు తప్పిన చద్దర్ను ఏం చేస్తరో నీకు తెల్వదా? సెకండ్ మాల్ అని పక్కకు ఏస్తరు. నాయన ఎన్నిసార్లు సేట్ తోని మాటలు పడ్డడు దానికోసం! అంటే నా కొడుకు సెకండ్ మాల్ అంటవా? ఇంకోసారి నా కొడుకు ముచ్చట్లకు మాగాన్ని తేకు.

కాదు అని రాసినవు సూడు, ఆ ఒక్క మాట మాత్రం మళ్ల మళ్ల సదువుకున్న. అది నిజమే అయితే నువ్వు సల్లగుండాలె.

అడిగినయి రాస్తున్న. పుట్టిన్నాడు మంచిగ, ఎర్రగ, బొద్దుగ ఉన్నడు. తెల్లారి చూస్తే కండ్లు పచ్చగైనయి. ఉచ్చ పాలు పొయ్యని చాయ్ లెక్క ఉండె. గుడ్డ రంగు దిగిందనుకొని ఉతికి ఆరేసినం. పాలు తాగుడు తక్కువ చేసిండు. అత్త చూడనీకె వచ్చి, "అందరు పిల్లలకు అయితది, పొద్దుటెండకు పెట్టున్రి" అన్నది. పెట్టినం. మందు ఏం ఎయ్యలేదు. పసరు పోద్దామని పక్కింటామె అంటే అమ్మనే వద్దన్నది. ఆఖరికి కీచుమని ఏడ్చుకుంట వెనకకు వంగిపోతుంటే ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికినం. నీలం లైటు కింద పెట్టిన్రు. డాక్టర్ నర్సుతోని మరాఠీల అంటుంటే విన్న, "జీ సిక్స్" అని ఏదో, అది కమీ ఉన్నది అని. మాకు చెప్పలేదు. అడగనీకె మాకు నోరు రాలేదు.

ఇగ దేంట్ల చుట్టినమంటవా. ఇది గూడ అడగాల్నా? మన ఇంట్ల బిడ్డ తొలికాన్పుకు తల్లిగారి మాగం మీద నేసిన గుడ్డనే పొత్తి. అమ్మను కన్నప్పుడు అమ్మమ్మ అదే చేసింది, నన్ను కన్నప్పుడు అమ్మ అదే చేసింది. నాయన దగ్గు ముదిరి మాగం దిగే ముందట మన ఇద్దరికి చెరొక చద్దర్ నేసి పెట్టిండు గదా. నాది ఎర్ర నెమలిది, నీది ఆకుపచ్చది. అమ్మ రెండిటిని సందుగల పెట్టి, మడత మడతకు డాంబర్ గోళీలు ఏసి, ఏడాదికోసారి కొత్తయి మార్చుకుంట దాచింది. ఒక్క పురుగు ముట్టలేదు. బాబు పుట్టిన్నాడు సిద్ధేశ్వరుని జాతర, చలి గజగజ. అమ్మ చద్దర్ తీసి, "మీ తాత నీకోసం నేసి పోయిండురా" అని ఏడ్చుకుంట చుట్టింది. ఉతికితే నాయన చెయ్యి పోతదని ఉతకలేదు, ఎండకు గూడ ఎయ్యలేదు. ఆ గోళీల వాసన బాబు ఎంట్రుకలకు పట్టింది. నేను వాని నెత్తి మీద ముక్కు పెట్టుకొని పండుకునేది. నాయన వచ్చి పక్కకు కూసున్నట్టుండె. బొందపెట్టేటప్పుడు గూడ అమ్మనే వాన్ని అందుల చుట్టి ఇచ్చింది.

ఇగ నాతోని ఎక్కువ రాయించకు. ఏం తెలిసిందో అది చెప్పు.

యశోద


హైదరాబాద్
16 ఏప్రిల్ 2024

అక్కా,

మగ్గం మాట నాదే తప్పు. ఇక ఎత్తను. జవాబు ఆలస్యమైంది, రాసి రాసి చింపేశాను.

డాక్టరు అన్నది జీ-సిక్స్-పీడీ అయ్యుంటుంది. అది ఒక ఎంజైము, అంటే ఒంట్లో ఒక పనిని జరిపించే ప్రోటీన్. ఎర్రకణాన్ని పాడుచేసేది ఏదైనా లోపలికి వస్తే, దాన్ని విరవడానికి కావలసిన సరుకు తయారు చేయించేది ఇదే. మిగతా కణాలు ఒక ప్రోటీన్ పాడైతే ఇంకొకటి చేసుకుంటాయి. ఎర్రకణం అట్లా చేసుకోలేదు, పుట్టేటప్పుడు వెంట తెచ్చుకున్నదానితోనే చచ్చేదాకా నెట్టుకురావాలి. కొందరిలో ఈ ఎంజైము పోగులో ఒక ముక్క వేరేది ఉంటుంది. దానివల్ల మడత గట్టిగా నిలవదు, ఎంజైము తొందరగా అయిపోతుంది. బాబుకు అదే తక్కువైంది.

ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. తండ్రి నుంచి కొడుక్కి రాదు. తల్లికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, ఆడవాళ్లకు ఇట్లాంటివి జతగా ఉంటాయి, ఒకటి చెడ్డా రెండోది నడిపిస్తుంది. నువ్వు ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. మళ్లీ కడుపు పండితే డాక్టరుకు ముందే ఈ పేరు చెప్పాలి.

చద్దరు గురించి ఊరికే అడిగాను, అన్నీ అడగాలి కాబట్టి. దాని గురించి ఆలోచించకు. అమ్మ దగ్గర ఆ ముచ్చట తీయకు, ఊరికే బాధపడుతుంది.

నీ చేతుల తప్పు ఏమీ లేదు. ఆ ఒక్కటి గుర్తుంచుకో.

మయూరి


విడీ ఘర్కుల్
30 జూన్ 2024

మయూరీ,

నువ్వు సల్లగదిల కూసొని రాసిన ఉత్తరం ఇక్కడ ఏం చేసిందో ఇను.

నీ చేతుల తప్పు లేదు అని సదవంగనే నాకు పాణం లేచొచ్చింది. దాచుకునుడు ఎందుకు, అందరు వినాలె అనుకున్న. మీ బావ కార్ఖానా నుంచి రాంగనే, అత్తను గూడ కూసోబెట్టి, నేనే గట్టిగ సదివి ఇనిపించిన. మీ బావకు తెలుగు సదువుడు రాదు గదా. ఎంత మురిసిపోయిన్నో! మా చెల్లె సదువుకున్నది, ఆమెనే రాసింది, సూడున్రి అని.

"తల్లి నుంచి కొడుక్కి వస్తుంది" అన్న కాడికి రాంగనే అత్త చెయ్యెత్తి ఆపింది. "మళ్ల సదువు" అన్నది. సదివిన. "తండ్రి నుంచి రాదు" అన్నది గూడ మళ్ల సదివించుకున్నది. అంతే. ఆ తర్వాత నీ ఉత్తరంల ఏమున్నదో ఎవ్వరు ఇనలేదు. పరీక్ష చేయించిన్రు. ఉన్నదని వచ్చింది.

ఇప్పుడు నాకు మూడో నెల. ఎవరన్న సంబురపడాలె గదా? అత్త అన్నది, "తంబాకైతే చేతులు కడుక్కుంటే పోతది. రక్తాన్ని ఎట్ల కడుగుతవే? దాని చెల్లెనే రాసిచ్చింది. తీయించుకో." మీ బావ ముందుగాల పరీక్ష కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. తర్వాత, "అమ్మ చెప్పేది గూడ ఆలోచించాలె గదా" అన్నడు. ఆలోచించుడు అయిపోయింది. ఆషాఢ ఏకాదశి ఎల్లంగనే దవాఖానకు తీస్కపోతరట.

అత్త తిట్టింది, మొగడు తిట్టిండు అంటే ఓర్సుకోవచ్చు. చెల్లె సంతకం పెట్టి రాసిచ్చింది, దానికి ఏం చెప్పాలె నేను? నీకంటే ఆ అత్తనే నయం. ఆమె చేతుల కాడనే ఆగింది.

ఒక్కటి అడుగుత. ఈ కడుపుల ఉన్నది గూడ కొడుకైతే వాడు గూడ గట్లనే పోతడా? పోతడంటే నేనే నడుచుకుంట దవాఖానకు పోత, ఎవ్వరు తీస్కపోయే పని లేదు. ఏకాదశి లోపల రాయి.

యశోద


హైదరాబాద్
6 జులై 2024

అక్కా,

స్పీడుపోస్టులో పంపుతున్నా. ఇది మాత్రం ఎవరికీ చదివి వినిపించకు.

తీయించుకోకు. పోడు. కొడుకైతే వాడికి ఇది రావడానికీ, రాకపోవడానికీ సగం సగం అవకాశం. వచ్చినా పోడు. నాయనకు మలేరియా వచ్చి మాత్రలు వేసుకున్నప్పుడు కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా పోసి, మాత్రలు ఆపగానే లేచి తిరిగాడు, గుర్తుందా? నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాలోనూ ఉంది. ఇద్దరు కూతుళ్లకూ ఉందంటే నాయన నుంచే వచ్చి ఉంటుంది. ఆ సడలిన మడతతోనే నాయన పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, మనల్ని కన్నాడు, మగ్గం మీద జీవితం గడిపాడు. పోయింది ఊపిరితిత్తులు చెడి.

మరి బాబు ఎందుకు పోయాడని అడుగుతావు. చద్దరులోని డాంబర్ గోళీలు అక్కా. ఆ గోళీ నాఫ్తలీను అనే పదార్థం. ఆవిరై గుడ్డలోకి దిగుతుంది. చంటిబిడ్డ ఊపిరిలోంచి, పలచని తోలులోంచి లోపలికి పోతుంది. లోపల దాన్ని విరవాల్సిన ఎంజైము బాబు దగ్గర చాలినంత లేదు. గాలిని మోసే హీమోగ్లోబిన్ ఎర్రకణం లోపలే గడ్డలు కట్టి, కణాలు పగిలిపోయాయి. పగిలిన ఆ ఎరుపే పసుపుగా మారి మెదడుకెక్కింది. ఎంజైము తక్కువైనంత మాత్రాన అట్లా అయ్యుండేది కాదు, ఆ గోళీలు తోడవకపోతే.

నీ ఏప్రిల్ ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. రాయలేకపోయాను. చుట్టింది అమ్మ. రాస్తే నువ్వు అమ్మ ముఖం చూడగలవా? అమ్మకు తెలిస్తే బతుకుతుందా? అందుకని అమ్మ దాకా రాని సగం మాత్రమే రాశాను. అది పోయి నీ మెడకు చుట్టుకుంటుందని నాకు తట్టలేదు.

ఈసారి ఇంట్లో ఎక్కడా గోళీలు ఉండకూడదు. బిడ్డ గుడ్డలు కొత్తవి కొని ఉతికి వాడు. డాక్టరుకు ఎంజైము పేరు చెప్తే ఏ మందులు వేయకూడదో ఆయనకు తెలుస్తుంది. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

మయూరి


విడీ ఘర్కుల్
25 జులై 2024

మయూరీ,

కడుపు నిలబడ్డది. అది ముందుగాల చెప్పి, తర్వాత నిన్ను తిడుత.

నీ ఉత్తరం సదివి ఆ దినం అన్నం ముట్టలేదు. అమ్మ మీద కోపం రాలేదు. నీ మీద వచ్చింది. నీకు అమ్మ ఉన్నది, నేను లేను. అమ్మను కాపాడనీకె అక్క బలి అయినా నడుస్తది అనుకున్నవు. "తట్టలేదు" అట! ఇంత సదువు సదివినోళ్లకు తట్టకపోతే ఇంకెవరికి తడుతదే?

ఏకాదశి తెల్లారి మీ బావ ఆటో తెచ్చి గుమ్మం ముందట నిలబెట్టిండు. నేను కడప మీద కూసున్న, లేవలేదు. చెల్లె మళ్ల రాసింది అని చెప్పిన. రక్తంల ఉన్నా గూడ మొగపిల్లలు మంచిగనే బతుకుతరట, మా నాయన బతుకలేదా, ఆయనకు లేకుండెనా అన్న. అత్తకు నమ్మిక కలగలేదు. మీ బావ అడిగిండు, "గట్లయితే మన బాబు ఎట్ల పోయిండు మరి?"

అందరు నా మొకమే చూస్తున్నరు. ఆటోవాడు గూడ చూస్తున్నడు. నోట్ల మాట ఉన్నది. గోళీలు అంటే అయిపోతుండె. కానీ నాకు అత్త తెలుసు. అప్పటికప్పుడు అదే ఆటోల కుంఠా నాకాకు పోయి, గల్లీ నడిమిట్ల నిలబడి, "నా మనుమన్ని చంపినవే" అని అమ్మ కొప్పు పట్టుకునేది. అమ్మ తిట్లకు బెదరదు. ఆ మాట నిజమని తెలిస్తే బెదురుతది.

నేనన్న, "అత్తా, నువ్వు చెప్పిందే నిజం. తంబాకే. చేతులు కడుక్కోకుంట పాలిచ్చిన. తప్పు నాదే. ఈసారి బీడీ ముట్టను."

"మొదటికాంచి చెప్తనే ఉన్న నేను!" అని అత్త నేల మీద కూలబడి ఏడ్చింది. మీ బావ ఆటోను పంపిండు. ఆ పూట అత్త తన చేతితోని నాకు అన్నం పెట్టింది మయూరీ. నిజం చెప్పితే నా కడుపు తీయిస్తమన్నరు, అబద్ధం చెప్పితే అన్నం పెట్టిన్రు.

బీడీలు బంద్ చేసిన. హోట్గి రోడ్డు దిక్కు ఒక టవల్ కార్ఖానాల మడతలు పెట్టనీకె పోతున్న. ఘర్కుల్ కాలనీ అంత తెలిసిపోయింది, కొడుకును తంబాకు పాలు తాపి చంపుకున్నది నేనే అని. సారిక అత్త గూడ ఇప్పుడు అదే పట్టుకున్నది, పిల్లను సారిక చేతికి ఇస్తలేదు, డబ్బా పాలు పోస్తున్నది. సారిక నా దిక్కు సూస్తలేదు. ఏమని సూస్తది? ఇగ దాని పేరు మీద రాయకు, నేనే పోస్టాఫీసుకు పోయి తెచ్చుకుంట. లేకుంటే రాయనే రాయకు.

యశోద


హైదరాబాద్
20 జనవరి 2025

అక్కా,

ఇన్నాళ్లూ రాయొద్దంటే రాయలేదు. నిన్న బావ ఫోన్ నుంచి నువ్వు పంపిన ముక్క చూశాను. కొడుకు, ఎంజైము తక్కువ, పచ్చబడలేదు. చల్లగదిలో ఉన్నాను, అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. వెంకటేశ్ అని మా ల్యాబులో అతను, ఎవరైనా పోయారా అని కంగారు పడ్డాడు.

తొట్టెలలో వేసే రోజుకు నేను వస్తున్నాను. సెలవు పెట్టాను. ఆ రోజు అందరి ముందు నేనే చెప్తాను. నీ మీద ఆ నింద ఇంక ఒక్క పూట కూడా ఉండనివ్వను, సారిక మీద కూడా. అమ్మకు ముందే విడిగా, నెమ్మదిగా చెప్తాను. తెలియక చేసింది, ఆమె తప్పేముంది? అర్థం చేసుకుంటుంది.

కాదనకు అక్కా. ఇది మోయడం నావల్ల కావడం లేదు.

మయూరి


విడీ ఘర్కుల్
2 ఫిబ్రవరి 2025

మయూరీ,

నీవల్ల కావడం లేదా? మంచిది. రాకు.

పోరడు మంచిగున్నడు. మస్తుగ పాలు తాగుతున్నడు, గట్టిగ ఏడుస్తున్నడు. అత్త గిన్నెల నీళ్లు, సబ్బు పట్టుకొని నా ఎంబడి తిరుగుతది. చేతులు కడిగించి, వాసన జూసి, అప్పుడు పిల్లగాన్ని ఒళ్లె పెడుతది. ప్రతిసారి. కడుక్కుంటున్న.

నేను దవాఖాన నుంచి వచ్చిన్నాడే అమ్మ వచ్చింది. సంకల మూట ఉన్నది. ఇప్పకముందే నాకు వాసన తగిలింది. నీ ఆకుపచ్చ చద్దర్. "చిన్నదానికి ఇప్పట్ల పెండ్లే లేదు, దాని చద్దర్ వీనికే చుడుదాం. రెండో కాన్పుకు లేకుంటే ఏమాయె, మీ నాయన చేతిదే గదా" అని మూట ఇప్పబోయింది. నేను పచ్చి బాలింతను, మంచం మీదికెంచి దుంకిన. "ఇప్పకు! బయట పెట్టు దాన్ని!" అని ఒర్లిన. అమ్మ బిత్తరపోయి చూసింది.

"ఎందుకే?"

"దుకాణంల కొత్త గుడ్డలు కొన్నం. అది వద్దు."

"మీ నాయన నేసింది వద్దా?"

"వద్దు."

అత్త తలుపు కాడ నిలబడి చూస్తున్నది. ఆమె ముందట ఇంకేం అనను? అమ్మ మొకం ఎర్రగైంది. "మొదటోన్ని నీ తంబాకు చేతులతోని చంపుకున్నవు. నేను ఒక్క మాటన్ననా నిన్ను? గల్లీ గల్లీ నవ్వితే గూడ నా బిడ్డే అని కడుపుల దాచుకున్న. ఇప్పుడు నా మొగడు నేసిన గుడ్డ నీ కొడుకుకు అంటుడా?" అన్నది.

అమ్మ గూడ నమ్మింది. నేనే చెప్పిన గదా, ఎందుకు నమ్మది? ఒక్క మాట చాలు మయూరీ. ఒక్క మాటంటే అమ్మ నోరు అక్కడనే పడిపోతుండె. పిల్లగాన్ని ఒళ్లె పెట్టుకొని గోడ దిక్కు మర్లిన. అమ్మ మూట సంకల పెట్టుకొని, చెప్పులు తొడుక్కొని పోయింది. మనుమని మొకం సరిగ సూడనే లేదు. అప్పటికాంచి రాలేదు. తొట్లెకు గూడ రాను అని కబురు పంపింది.

ఇప్పుడు నువ్వొచ్చి నెమ్మదిగ చెప్తవట. కొడుకు పుట్టంగనే ఎత్తుకొని చుట్టింది ఆమె, బొందకు పంపేటప్పుడు చుట్టింది ఆమె. దీనికి నెమ్మది ఎక్కడిది? తెలియక చేసినవు పోనీ అంటే ఊకుంటదా అమ్మ? నువ్వైతే ఊకుంటవా? ఊకోలేకనే గదా వస్తనంటున్నవు. నీ మనసు తేలిక చేసుకునేతందుకు అమ్మ పాణం తీయకు. పది నెలలు కాదు, పదేండ్లు మోయి. నేను మోస్తలేనా?

అమ్మ కుంఠా నాకాల మంచిగనే తిరుగుతున్నదట. నూలు కండెలు చుట్టుకుంట, పక్కింటోళ్లకు నన్ను తిట్టి చెప్తున్నదట. తిట్టనీ. నా మీద కోపం ఉన్నన్ని దినాలు ఆమె తిని పండుకుంటది.

ఇంకొకటి. నీ చద్దర్ మళ్ల సందుగల పెట్టిందట, కొత్త గోళీలు ఏసి. "చిన్నదన్న నా మాట ఇంటది, దాని తొలికాన్పు నేనే చేస్త" అంటున్నదట. నీ రక్తంల గూడ ఉన్నది గదా. రేపు నువ్వు కడుపుతోని ఉన్నప్పుడు అమ్మ మూట పట్టుకొని హైదరాబాదుకు వస్తది. అప్పుడు నువ్వు నిజం చెప్పలేవు. నీకో అబద్ధం కావాలె, అమ్మ మళ్ల నీ గడప తొక్కకుంట ఉండేటంత పెద్దది. ఇప్పటికాంచే ఎతుక్కో.

యశోద